వేలాయుధన్ కంప్యూటర్ చదువు

కేరళలోని బేపూర్ రేవులో హంసా టీకొట్టు బల్ల మీద వేలాయుధన్ కూర్చున్నాడంటే మాకు పొద్దు తెలిసేది కాదు. కోతలు అలా కోసేవాడు.

"పైథాన్ అంటే ఏముందిరా హంసా, ఒక్క పూటలో పట్టేశా. గ్రంథాలయంలో రమ్సీన టీచర్ పిల్లలకి ఏడాదంతా చెప్పేది అదే. ప్రింట్ అని కొట్టి బ్రాకెట్లో మాట పెడితే మిషన్ ఆ మాట అంటుంది, అంతేగా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫర్ అని ఇంకోటుంది, దాని కింద కాస్త జరిపి రాస్తే ఎన్నిసార్లంటే అన్నిసార్లు అంటుంది. కవళ్ళ చేపల్లారా రండి అని లక్షసార్లు పెట్టా. తెల్లారేసరికి చేపలు గ్రంథాలయం మెట్లెక్కేశాయి."

"మెట్లెక్కాయా ఏట్టా?" అన్నాడు హంసా, టీ వడపోస్తూ. మా వైపు అన్నని ఏట్టా అంటాం.

"ఎక్కి, చెప్పులు బయట విడిచి మరీ లోపలికొచ్చాయి. అది చూసి సముద్రాన్ని కూడా మిషన్‌కే అప్పజెప్పా. ఇప్పుడు ఆటూ పోటూ నన్నడిగే నడుస్తున్నాయి."

"మరి మీ ఇంట్లో దానికేం పని?"

"కౌసుకి జవాబు చెప్పడం. మా ఆవిడ పొద్దస్తమానం ప్రజీష్ వచ్చాడా, ప్రజీష్ వచ్చాడా అంటుంది కదా. మనిషికైతే గొంతు పూడుకుపోతుంది, మిషన్‌కేం? ఇఫ్ అని రాశా. వాడొస్తే, 'వచ్చాడే, అన్నం పెట్టు' అనాలి. కింద ఎల్స్ అని రాశా, అంటే రాకపోతే అని. అదే చెప్పుకుంటోంది, నేనిక్కడ కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నా."

ఎవరం నవ్వలేదు. ప్రజీష్ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు. కిందటి వానాకాలం వేటకెళ్ళిన పడవ తిరిగి రాలేదు, శవమైనా దొరకలేదు. వాడిక రాడన్న మాట ఇప్పటిదాకా కౌసుతో ఎవరూ అనలేదు.

టీ కోసం నిలబడ్డ రమ్సీన టీచర్ని, "నిజమేనా టీచర్?" అని హంసా అడిగాడు. అడగకుండా ఉండాల్సింది. ఆమెకు అబద్ధం చేతకాదు.

"అది ఒక్కసారి కూడా నడవలేదు," అంది మెల్లగా. "ఎల్స్ కింద ఖాళీగా వదిలేస్తే మిషన్ ఒప్పుకోదు ఏట్టా. ఏదో ఒకటి రాయాలని ఎన్నిసార్లు చెప్పాను."

వేలాయుధన్ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఏం రాయమంటావు టీచరమ్మా?"

ఇంతలో సందులోంచి కౌసు గొంతు వినిపించింది.

"ఇదిగో, ప్రజీష్ వచ్చాడా?"

"నేనొస్తున్నానే," అంటూ వేలాయుధన్ లేచాడు.