వంటావార్పులో వెల్లుల్లి మూటగట్టిన జలపతి గారు

1979 నవంబరు పన్నెండున కోరుట్ల పశువైద్యశాలలో సహాయకులుగా విధుల్లో చేరిన శ్రీ జలపతి గారు, ముప్పై మూడేళ్ల నిర్విరామ సేవానంతరం ఈ ఫిబ్రవరి మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు. కోరుట్లలో పదేళ్లు, సిరిసిల్లలో పద్నాలుగేళ్లు పనిచేసి జగిత్యాలకు వచ్చేనాటికి, కోళ్ల పారుడుకు, అంటే విరేచనాలకు, మందు పొడి తప్ప మరో మార్గం లేదన్నది వారి దృఢ విశ్వాసం.

అందుకే గొల్లపల్లి మొగిలవ్వ తన రెండు వందల కోళ్ల దాణాలో వెల్లుల్లి, పసుపు, వాము నూరి కలుపుతుంటే చూసి, “గిది దాణానా, తొక్కు పచ్చడా?” అని పదిమందిలో నవ్వేశారు. ఆమె చిన్నబోయి మానేసింది.

2011 సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై వైద్యశాలకు తాళం పడింది. ముసురుకు తడిసిన దాణా తిని మొగిలవ్వ కోళ్లు పారుతూ, రోజుకు నాలుగైదు చొప్పున చావసాగాయి. ఆ కోళ్లే ఆమె జీవనాధారం. ఉద్యోగులమంతా రోడ్డు మీద వంటావార్పు చేస్తున్న చోటికి పరుగున వచ్చింది.

“సారూ, తాళంచెవి మీ జేబులనే ఉన్నదట. ఒక్కపారి తెర్వుండ్రి, మందియ్యుండ్రి.”

తాళం తీస్తే తోటివారికి ద్రోహం, తీయకపోతే ఆమెకు అన్యాయం. జలపతి గారు జేబులోని తాళంచెవిని తడిమి వదిలేశారు. చివరికి, “అవ్వా, నువ్వు దాణాల ఏమేం కలుపుతుంటివి?” అన్నారు.

“మీరే నవ్వితిరి గద సారూ!”

“నవ్విన. తప్పే. ఇప్పుడు చెప్పు.”

ఆమె చెబుతుండగానే మా చారు కోసం ఒలిచిపెట్టిన వెల్లుల్లంతా మూటగట్టి, పసుపు, పుల్లచల్ల తీసుకుని సైకిలెక్కారు. ఆ పూట చారుకు పోపు లేదు, మా గొణుగుడుకు మాత్రం లోటు లేదు.

తడిసిన దాణా పారబోయించి, షెడ్డులో పొడి ఊక పరిపించి, కొత్త దాణాలో ఆ నూరుడు, నీళ్లలో కాస్త చల్ల కలిపించారు. సమ్మె ముగిసేదాకా శిబిరం నుంచి రోజూ అటే వెళ్లారు. వారానికి పారుడు ఆగింది. అప్పటికి పంతొమ్మిది కోళ్లు పోయాయి.

ఇది పేగుకు బలమే గానీ సర్వరోగ నివారిణి కాదని, రోగం ముదిరితే వైద్యం తప్పదని వారు తరువాత రైతులకు బోధించేవారు. చెప్పిన ప్రతిసారీ, “ఇది మొగిలవ్వ ఎరుక. నేను నవ్వకుంటె ఆ పంతొమ్మిది బతుకుతుండె” అనేవారు.

మొన్న విరమణ సంగతి తెలిసి కార్యాలయానికి వచ్చిన మొగిలవ్వ వారి చేతులు పట్టుకుని, “శానామంది నవ్విండ్రు సారూ. మల్ల నన్నే అడిగింది మీరొక్కలే” అన్నది. జలపతి గారు అందరి ముందూ ఏడ్చేశారు. మేమూ ఆపుకోలేకపోయాము.

ఆ పంతొమ్మిది కోళ్ల బెంగ ఇకనైనా వారి మనసును వదలాలని, వారు సతీమణి శ్రీమతి సత్యవ్వ గారితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు నిశ్చింతగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాము.