టైపక్క మిషను

ఏంటీ, పాత సామాన్లవాడికి వేసెయ్యాలా? దీన్నా? బాగుందే తల్లీ నీ సలహా. ఇదే మాట అని ఒకావిడ ఏళ్ల తరబడి తిట్లు తింది, తెలుసా? ఆ గుడ్డ ఇలా ఇవ్వు, కూర్చో. ఫోను పక్కన పెట్టు, అదెక్కడికీ పారిపోదులే. నువ్వు రోజంతా గీకుతావే ఆ వేలితో, అదంతా మనింట్లో మొదలైందే ఈ మిషను పక్కనే. నవ్వకు. లోకంలో ఎక్కడ మొదలైందో నాకు తెలీదు, మన వీధికి మాత్రం ఈ గదిలోనే.

మీ అమ్మకి పెద్దమ్మ, నాకు తోడికోడలు. నేను అక్కా అనేదాన్ని, ఊరంతా టైపక్క అనేవాళ్లు. కోర్టు ముందు చెట్టు నీడన బల్లేసుకుని ఈ టైపు మిషను మీద అర్జీలు కొట్టేది. వచ్చినవాడు ఏడుస్తూ చెప్పేవాడు, ఈవిడ టకటకా కొట్టేసి, గంట మోగగానే ఈ కొమ్ము ఇలా తోసి, "ఊ, తర్వాత?" అనేది. అంతే. ఓదార్పూ లేదు, కన్నీళ్లూ లేవు. ఎవరి సంగతీ ఎవరికీ చెప్పేది కాదు. "కళ్లు చదువుతాయి, వేళ్లు కొడతాయి, మధ్యలో నోటికేం పనే?" అనేది. నాకా, నోట్లో నువ్వుగింజ నానదు. అందుకే మా ఇద్దరికీ పడింది.

ఆ తర్వాత కంప్యూటర్ వచ్చింది. అప్పట్లో ఫోను తీగలోంచే నెట్టు. అబ్బో, ఆ అరుపు! పిల్లిని రోట్లో వేసి దంచినట్టు కీ... కర్ర్... అని. మా అత్తగారు ఉలిక్కిపడి ఫోనెత్తి "ఎవరదీ?" అనేది. ఎత్తిందా, నెట్టు పోయేది. అక్క లోపల్నుంచి "అత్తయ్యా!" అని ఒక్క కేక. ఆవిడ ఫోను పెట్టేసి, "ఎవరో బాధలో ఉన్నారమ్మా పాపం" అనేది. చెప్పీ చెప్పీ అక్క నోరు నొప్పెట్టింది. చివరికి ఫోను మీద బుట్ట బోర్లించింది, కోడిపిల్లని మూసినట్టు.

అందులో ఉత్తరాలు రాయాలంటే ముందు అడ్రసు పెట్టుకోవాలటగా. అక్కడ చేసిందే అక్క ఘనకార్యం. అడ్రసంటే ఏంటి? వీధి. పోస్టుమాన్ వీధిలోకి తెస్తాడు, ఎవరిది వాళ్లకిస్తాడు. కాబట్టి వీధంతటికీ కలిపి ఒకటే అడ్రసు పెట్టింది! ఎవరికి వాళ్లు పెట్టుకోవాలని ఎవరైనా చెబితేగా. క్షౌరం చేసే ఆయన తమ్ముడు ఓడలో వంటవాడు, వాడి ఉత్తరం అందులోనే. నర్సమ్మ స్నేహితురాళ్లవీ అందులోనే. రంపం మిల్లు ఆయనకి కలప అమ్మేవాళ్లవీ అందులోనే. పొద్దున్నే అక్క అన్నీ కాగితాల మీద తీసి, మడిచి, గుండుసూది గుచ్చి ఇంటింటికీ పంచేది. రాయాల్సినవాళ్లు వచ్చి నిలబడి చెబితే కొట్టిపెట్టేది. అన్నేళ్లలో ఒకరి గుట్టు ఒకరికి తెలిసిందంటే చెప్పుతో కొట్టు. నేనెంత గిల్లినా చెప్పలేదే మహాతల్లి!

తర్వాత ఇంకోటొచ్చింది, ఫోటో పెట్టుకుని స్నేహాలు చేసుకునేది. ఆ, అదే, నువ్వు గీకేదానికి అమ్మమ్మలాంటిది. అందులోనూ వీధికంతా ఒకటే ఖాతా. ఫోటో కావాలంటే అందరం మిల్లు ముందు నిలబడ్డాం. క్షౌరం ఆయన కత్తి పట్టుకునే వచ్చాడు, సగం గీసిన గడ్డంతో ఇంకొకాయన వెనక నిలబడ్డాడు. పుట్టినరోజు ఎప్పుడూ అని అడిగిందట అది. వీధికి పుట్టినరోజేంటి? పెద్ద తగువు. చివరికి వీధిలో మొదటి కుళాయి పెట్టిన రోజు వేశారు. కుర్రకారు మాత్రం "పరువు పోతోంది పెద్దమ్మా, ఎవరి ఖాతా వాళ్లకి విడదియ్యి, అది మూసెయ్యి" అని గోల. అక్క, "సరేలే, చూద్దాం" అనేది. దాదాపు ఒప్పుకుంది కూడా.

ఇంతలో గుడ్లగూబ సంగతి. టైపు కొట్టి బతికేవాళ్లంతా చేరే గుంపొకటుంది అందులో. అక్కడ ఒక మనిషికి పేరు లేదు, మొహం లేదు, గుడ్లగూబ బొమ్మ ఉంటుంది. అక్క ఏం రాసినా దిగేది: "ఇంకా ఆ ఇనప ముద్ద కొడుతున్నావా? పాత సామాన్లవాడికి వెయ్యి." అక్క ఊరుకుంటుందా? "కరెంటు పోతే నీ కంప్యూటర్‌తో విసురుకో" అనేది. ఏళ్లు నడిచింది ఆ పోట్లాట. అన్నం వడ్డించినా లేచేది కాదు, "ఉండవే, వాడికి జవాబిచ్చి వస్తా" అనేది. మగాడనే మా నమ్మకం. అంత వెటకారం మరి.

సరే, నువ్వు పుట్టిన రోజు. మీ అమ్మకి ఆపరేషన్ చెయ్యాలన్నారు. రక్తం ఆగడం లేదు. ఎక్కిద్దామంటే మీ అమ్మది మామూలు రక్తం కాదట, లక్షల్లో ఒకరికి ఉంటుందట. వాళ్ల దగ్గర లేదు, చుట్టుపక్కల ఎక్కడా లేదు. డాక్టరమ్మ నా మొహం చూడకుండా చెప్పింది, "మధ్యాహ్నంలోగా దొరకాలమ్మా" అని. అంతే, నాకు అర్థమైపోయింది. మీ తాత ఉన్నాడప్పుడు, సైకిలేసుకుని ఎటో పరిగెత్తాడు. పాపం, ఎటు పోవాలో ఆయనకీ తెలీదు. అక్కేది? ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుందట! నాకు ఒళ్లు మండిపోయింది. పిల్ల ప్రాణం మీదికొస్తే ఈవిడ టైపు కొడుతోందా, రానీ దీని సంగతి చెప్తా అని పళ్లు నూరుకుంటూ కూర్చున్నా.

ఇంతలో ఆస్పత్రి ఫోను మోగడం మొదలైంది. పెడితే మళ్లీ మోగుతోంది. ఓడలోంచి ఎవరో. కలప కొట్లోంచి ఎవరో. నర్సమ్మతో నర్సు చదువు చదివినవాళ్లు ఎవరెవరో, ఏ ఊర్లో, ఏ భాషలో. "మా దగ్గర అడిగాం, లేదు, ఇంకో చోట అడుగుతున్నాం" అని. అక్కడ కూర్చున్న పిల్ల విసిగిపోయి, "ఏంటమ్మా, మీరు మంత్రిగారి చుట్టాలా?" అంది. "కాదమ్మా, మా వీధి చుట్టాలు" అన్నా. వీధిలో ఒక్కొక్కళ్లు ఇన్నేళ్లుగా పోగేసుకున్న మనుషులంతా ఆ ఒక్క ఖాతాలో ఉన్నారే. తెలిసో తెలియకో అన్ని కుండల నీళ్లూ ఒకే తొట్టిలో పోసింది అక్క. రక్తం కావాలి, ఇదీ ఆస్పత్రి నంబరు అని అందులో రాసిన ఒక్క కేకకి అందరికీ వినపడింది.

ఇంకాసేపటికి ఆస్పత్రి ముందు బస్సు ఆగింది. ఖాళీ బస్సు. ఒకే ఒక్క మనిషి దిగింది. సన్నగా, కళ్లద్దాలు, జడ ఊడిపోయి. "ఆ వీధి వాళ్లెవరండీ? ఆ రక్తం నాది" అంది. పక్క ఊరి బస్సు డిపోలో డ్యూటీ కాగితాలు కంప్యూటర్లో కొట్టే మనిషట. అక్క ఏం రాస్తుందా, ఎక్కడ దొరుకుతుందా అని కాపు కాసి కూర్చునేదట, అందుకే అందరికన్నా ముందు చూసింది. డిపోలో డ్రైవరుని బతిమాలి బయల్దేరింది. అప్పుడే అక్క వచ్చింది, రెండు కాళ్లకీ వేరే వేరే చెప్పులు. ఆవిడ అక్కని చూసి, "టైపక్కా? నేను గుడ్లగూబని" అంది. అక్క ఎగాదిగా చూసి, "నువ్వు మగాడివనుకున్నానే" అంది. పరీక్షలయ్యాయి, కుదిరింది, ఆవిడ పడుకుంది. చేతికి సూది గుచ్చి ఉందా, "ఇంకా ఆ ఇనప ముద్ద ఉందా?" అంటుంది! "నీ తర్వాత కూడా ఉంటుంది" అని అక్క. "రక్తమిచ్చేటప్పుడు పోట్లాడకూడదు" అని నర్సు ఇద్దర్నీ కసిరింది. అక్క చెయ్యి మాత్రం ఆవిడ నుదుటి మీదే ఉంది. ఎవర్నీ ఓదార్చని మనిషి చెయ్యి.

మీ అమ్మ గట్టెక్కింది. నువ్వు కెవ్వుమన్నావు, అచ్చం ఆ పాత నెట్టులాగే. ఇంటికొచ్చి నేను గోడలో ఆ ఫోను తీగ వచ్చే చిల్లు చూశా. చీమ పట్టేంత చిల్లు. వేలు పెట్టి చూశా కూడా, చల్లగా ఉంది. అందులోంచి మనుషులొచ్చారే. బస్సు కూడా వచ్చింది. 

ఖాతా మూసెయ్యమని మళ్లీ ఎవడూ అనలేదు. పోట్లాటా ఆగలేదు. నీకింకా నడవడం సరిగ్గా రాకముందే అక్క పోయింది. నిద్రలోనే, చెప్పా పెట్టకుండా. ఏడవడానికి తీరికెక్కడిది, ఇంటినిండా పని. అన్నీ అయ్యాక చూస్తే ఆ గుడ్లగూబావిడ రాసి ఉంది: "ఏంటి, జవాబు లేదు? ఓడిపోయినట్టేనా?" క్షౌరం ఆయన మనవడు చదివి వినిపించాడు, "నేను రాయనా అమ్మమ్మా?" అన్నాడు. నువ్వు పో అన్నా. నాకొచ్చింది అక్షరాలు గుర్తుపట్టడమే. ఒక్క వేలితో వెతుక్కుని వెతుక్కుని ఇంతే కొట్టా: అక్క పోయింది. మిషను ఉంది.

చాలారోజులు ఏమీ రాలేదు. నొచ్చుకుందేమో అనుకున్నా. తర్వాత ఒకరోజు వచ్చింది. "దానికి నూనె వేస్తున్నారా?"

...

ఆ కిటికీలో సీసా ఉంది చూడు, ఇటివ్వు. అది కాదే, పక్కది. మూత గట్టిగా ఉంటుంది, ఒలకబొయ్యకు.