ఉతడ పాట

పాటల నాటకానికి విరామం. మేకప్ గదిలో రాకుమారి వేషం కట్టిన అమ్మాయి, ఆమెకి బట్టలు తొడిగే అత్త.

"ఊపిరి లోపలికి లాగు. ఇంకా లాగు. హుక్కు పడట్లేదే."

"లాగానత్తా. ఇంతకంటే లాగితే పోతాను."

"పోదువుగానీ, మూడో అంకం అయ్యాక పో. ఇంకా నువ్వు అంట్లు తోముకునే పిల్లవే. రాకుమారివని తేలేదాకా బతికుండు."

"జనం బాగా ఉన్నారా?"

"ఉన్నారు. ఆవిడా ఉంది."

"ఏ ఆవిడ?"

"ఏ ఆవిడంటావేంటే, నిన్నట్నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తుంటే! ముందు వరుసలో చివరి కుర్చీ. మొన్నా వచ్చింది, నిన్నా వచ్చింది. నీ జోలపాటకి హాలంతా చప్పట్లు కొడుతుంటే ఈవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది."

"నచ్చలేదేమో."

"నచ్చని ఆట ఎవరైనా మూడుసార్లు చూస్తారా? ఇప్పుడు తలుపు బయటే నించుంది."

"ఫొటో కావాలేమో. ఆట అయ్యాక రమ్మను."

"ఫొటో కాదు. పాటలో 'ఉతడ' అని ఎవరు పెట్టారని అడిగింది. ఏంటలా బిగుసుకుపోయావు? హుక్కు ఊడింది చూడు."

"నువ్వేం చెప్పావు?"

"ఉన్నదే చెప్పా. మా పిల్ల పాడుకునే జోలపాటనే తీసుకుని రచయిత శుభ్రంగా 'ఉడతా ఉడతా' అనే రాశాడు, రిహార్సల్లో దాని నోటికి 'ఉతడా ఉతడా' అని వచ్చింది, అందరూ పడీ పడీ నవ్వారు, డైరెక్టరొక్కడే నవ్వలేదు. ఇదే ఉంచండి, మహారాణి తప్పిపోయిన కూతుర్ని ఈ తప్పుతోనే గుర్తుపడుతుంది అన్నాడు, అని చెప్పా."

"మొత్తం ఊదేశావన్న మాట."

"నా నోరు నీకు తెలీదా? హోములో పెరిగావని కూడా చెప్పా."

"అత్తా!"

"దాచాలా ఏంటి? పేపర్లోనే వేశారుగా. అది విని ఆవిడ తన సంగతంతా చెప్పింది. కూతురు తప్పిపోయిందటే. ఐదేళ్ళప్పుడు. ఆ జోలపాట ఆవిడ సొంతంగా కట్టుకుని పాడేదట. ఆ పిల్లకి నోరు తిరగక ఉడతని 'ఉతడ' అనేదట. కూచో. నీకేమైనా గుర్తుందా?"

"హోముకి ముందుది ఏదీ గుర్తులేదని ఎన్నిసార్లు చెప్పాను?"

"పాట గుర్తుందిగా! అదెక్కడిది?"

"పాట... అదెప్పుడూ ఉంది."

"ఎప్పుడూ ఉండటమేంటి, ఆకాశం నుంచి ఊడిపడిందా? రోజూ ఆ పెట్టుడు జుట్టు మహారాణి కాళ్ళ మీద పడి 'అమ్మా' అని ఏడుస్తావు. అసలు అమ్మ గుమ్మం దాకా వస్తే..."

"ఎలా ఉంది అత్తా?"

"ఎవరు?"

"ఆవిడే. చూడ్డానికి."

"ఎలా ఉంటుంది? చెప్పులు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి. ఎవరికైనా అమ్మలాగే ఉంది."

"రమ్మను. నువ్వు బయటుండు."

"నేనెందుకు బయటుండాలి? ఇంత చేసి..."

"అత్తా."

"సరే సరే. బెల్లు కొట్టేలోగా తేల్చుకోండి. రండమ్మా, లోపలికి రండి. అయ్యో, ఆ కుర్చీలో కిరీటం ఉంది, చూసుకోండి! తీసేశా, కూచోండి. నేను తలుపవతలే ఉంటా."

"కూచోండి."

"వద్దమ్మా, నించుంటా. పనిలో ఉన్న మనిషిని... మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నా."

"నన్ను మీరు అనకండి."

"ఆ రంగు కింద మొహం తెలియట్లేదు."

"తుడిచెయ్యనా?"

"వద్దు వద్దు, మళ్ళీ ఆడాలిగా. తుడిచినా నేనేం గుర్తుపడతాను? నాకు తెలిసిందల్లా ఐదేళ్ళ మొహం."

"ఎలా తప్పిపోయింది?"

"బస్టాండులో. నా రెండు చేతుల్లోనూ సంచులు. కొంగు పట్టుకుని నా వెనకే రా అన్నా. పట్టుకుంది. బస్సెక్కి చూసుకుంటే కొంగుంది, అది లేదు."

"వెతికారా?"

"ఆ మాట అడక్కు తల్లీ. ఇప్పటికీ జనంలోకి వెళ్తే నా చూపు కిందికే పోతుంది, పిల్లల ఎత్తులో వెతుకుతుంది. పెరిగి ఉంటుందని నాకు తెలుసు. కళ్ళకి తెలీదు. నువ్వేనా? ఒక్క ముక్క చెప్పు. కాదంటే ఇలాగే వెళ్ళిపోతా. నిన్నేమీ అనను."

"బస్టాండులో దొరికిందని... దొరికానని చెప్పేవాళ్ళు హోములో."

"బస్టాండులోనా?"

"అవును. ఐదేళ్ళుంటాయనేవాళ్ళు."

"అయితే..."

"నేనే. నేనేనమ్మా."

"మళ్ళీ అను."

"నేనే."

"అది కాదు. రెండో మాట."

"అమ్మా."

"చెయ్యి ఇలా ఇవ్వు. ఇంత చల్లగా ఉందేంటి? వేళకి తింటున్నావా? అక్కడ నిన్ను బాగా చూశారా? కొట్టేవాళ్ళా?"

"లేదమ్మా. బాగానే చూశారు. కడుపునిండా పెట్టేవాళ్ళు. జ్వరమొస్తే పక్కనే కూచునేవాళ్ళు."

"హమ్మయ్య. ఇన్నేళ్ళూ నా గుండెల్లో అదే భయం."

"ఆట అవగానే నీతో వచ్చేస్తా. నాకెవరూ లేరమ్మా. నాకు వంట రాదు, జడ కూడా ఎవరో ఒకరు వెయ్యాల్సిందే. అన్నీ నువ్వే నేర్పాలి. తిట్టినా పడతా. నిజంగా, తిట్టు. నన్ను ఇంటికి పిలిచి తిట్టినవాళ్ళు లేరు."

"పిల్లా! మూడో అంకం గౌనుకి హుక్కు ఇంకా పెట్టాలి, మర్చిపోకు!"

"వస్తానత్తా, తలుపు తియ్యకు!"

"నీ పనికి ఆలస్యమవుతోంది."

"అవనీ. వెళ్ళకు."

"వెళ్ళనులే. ఒక్కసారి ఆ పాట పాడవూ? స్టేజి మీదలా వద్దు, మెల్లగా."

"'ఉతడా ఉతడా ఉరకకు, కొమ్మా రెమ్మా కదపకు, రాకుమారి పడుకుంది...'"

"రాకుమారి ఈ నాటకంలో మాట కదూ. చిన్నప్పుడు ఎలా ఉండేదో అలా పాడు."

"'ఉతడా ఉతడా ఉరకకు, కొమ్మా రెమ్మా కదపకు, అక్క పడుకుంది.' ఏంటమ్మా? తప్పు పాడానా?"

"లేదు. నా కూతురు అచ్చం అలాగే పాడేది."

"మరి చెయ్యి వదిలేశావేం?"

"నేను పాడితే 'పాప పడుకుంది' అనేదాన్ని. అది పాడితే మాత్రం ఎవర్ని పడుకోబెడుతుంటే వాళ్ళని పెట్టేది. బొమ్మని పడుకోబెడితే 'బొమ్మ పడుకుంది'. నాకు తలనొప్పి వస్తే నుదుటి మీద చెయ్యేసి, 'అమ్మ పడుకుంది'. మా ఇంట్లో దానికి అక్క లేదు తల్లీ. నాకు అదొక్కతే."

"అది... మరీ చిన్నతనం కదా, ఏదో కలిసిపోయి..."

"ఆ అక్కవి నువ్వే కదూ?"

"బెల్లు కొట్టారు. నేను వెళ్ళాలి."

"కొట్టలేదు. కూచో. నేను కోప్పడను. ఎందుకన్నావని కూడా అడగను. చెప్పమ్మా."

"మావి పక్కపక్క మంచాలు. నాకు చీకటంటే భయం. తనే నాకంటే చిన్నది, తనే చెయ్యి చాపి నా మీద వేసి పాడేది. అంతకుముందు నాకెవరూ పాడలేదు."

"ఇప్పుడెక్కడుంది?"

"తనకి జ్వరమొచ్చింది."

"జ్వరమొస్తే పక్కనే కూచునేవాళ్ళు అన్నావు."

"అబద్ధం. దీపాలార్పి బయట తాళం వేసుకుని పోయేవాళ్ళు. తలుపు బాదాను. చేతులు వాచిపోయేదాకా బాదాను. ఎవరూ రాలేదు."

"ఏడ్చిందా?"

"నిన్ను పిలిచింది. అమ్మ సంచులు బస్సులో పెట్టేసి వస్తుందంది. తర్వాత గొంతు రావట్లేదు, నువ్వు పాడక్కా అంది."

"పాడావా?"

"తనెలా పాడేదో అలాగే పాడాను. 'చెల్లి పడుకుంది' అని. కాసేపటికి కదలటం మానేసింది. ఎక్కడ లేస్తుందోనని ఇంకా మెల్లగా పాడాను. నిజంగా పడుకుందనే అనుకున్నానమ్మా."