కొత్తచేతికి సాధుపాము

పునీతుడు సాన్ దొమెనికో పండగకి ఇంకా నెలుంది. కొండ మీది ఊళ్ళో, జనం చేతుల్లో పాములతో నడిచే ఊరేగింపుకి వాటిని పట్టే ముసలాయన వాకిట్లో ఆయన స్నేహితుడి కూతురు నిలబడింది.

“కొత్తదాన్ని బాబాయ్. నెమ్మదైన పాముని చూసిపెట్టు.”

“ఈ చారలదాన్ని తీసుకో తల్లీ. విషం లేదు, కరవదు. పండగ దాకా ఇంట్లో నువ్వే సాకాలి.”

“నాన్న పట్టుకోమని బతిమాలితే పారిపోయేదాన్ని.”

“అయినా ఏటా అన్నిట్లోకీ సాధువైనదాన్ని నీకోసమని వేరే సంచిలో ఉంచేవాడు.”

“నాకెప్పుడూ చెప్పలేదే!”

“నీ అంతట నువ్వే రావాలనేవాడు.”

“అమ్మో, చేతికి చుట్టుకుంది! పండగయ్యాక దీన్నేం చెయ్యాలి?”

“పట్టిన చోటే వదలాలి. మన ఆనవాయితీ అదేగా.”

“ఎక్కడ పట్టావు?”

“మీ నాన్న సమాధి పక్కన. నువ్వింకా అటు వెళ్ళనేలేదుగా.”