కింద కూర్చోని మోకాలు

ఆసుపత్రి వ్యాయామాల గదిలో నాయనమ్మ, ఆపరేషన్ చేసి పెట్టిన కొత్త మోకాలిని మెల్లగా వంచుతోంది. పక్కనే మనవరాలు. ఇంజినీరింగ్‌లో ఏ కోర్సులో చేరేదీ ఆ పిల్ల సాయంత్రంలోగా తేల్చుకోవాలి.

“మెకానికల్‌కీ బయోమెడికల్‌కీ ఏంటే తేడా?”

“కీలు అరక్కుండా తిరిగేలా మెకానికల్ వాళ్లు చూస్తారు. అది ఒంట్లో ఇమిడేలా బయోమెడికల్ వాళ్లు చూస్తారు.”

“మరి నేను కింద కూర్చుని దండం పెట్టుకునేలా ఎవరు చూస్తారు?”

“డాక్టరు వద్దన్నాడుగా! కుర్చీలో కూర్చుని మొక్కితే దేవుడు వినడా?”

“వింటాడు లేవే. నాకే చెప్పుకున్నట్టుండదు. ఈ మోకాలు తయారుచేసినవాళ్లు నన్నొక్క మాట అడగాల్సింది.”

మనవరాలు ఆ మోకాలి మీద చెయ్యి వేసి చూసింది.

“మళ్లీ వంచు, నాయనమ్మా.”

“ముందు నీ సంగతి తేల్చవే!”

“తేలింది. బయోమెడికలే. ఇప్పుడు చెప్పు, కింద కూర్చునేటప్పుడు ముందు ఏ కాలు మడిచేదానివి?”