కొబ్బరికాయ కొడితే నడిచిన కారు

సభకు పెద్దగ కూసున్న కౌన్సిలర్ నాగరాణి మేడంకు, నన్ను సాగనంపనీకి కిరాయిలు ఇడిసిపెట్టి వచ్చిన కోస్గి డ్రైవరన్నలకు, అక్కచెల్లెండ్లకు మెకానిక్ ఎల్లస్వామి నమస్కారం. శాలువ కప్పిండ్రు, సంతోషం. జర ఉడకపోస్తాంది, తీసి ఒళ్లె పెట్టుకుంట, ఏమనుకోకుండ్రి. (నవ్వులు)

ఇందాక మన డ్రైవర్ సతీశ్ నన్ను బండ్ల డాక్టరన్నడు. రోగం కనవడితే కదా డాక్టరు! మన గుర్వమ్మక్కకు కిడ్నీలు ఖరాబై, డయాలసిస్‌కు మహబూబ్‌నగర్ దవాఖానకు పోతుంటది, బిడ్డ శైలజ పాత కారుల తీస్కపోతది. గా కారు తొవ్వల ఆగిపోయేది. దిష్టి తాకిందని అక్క దిగి, కొబ్బరికాయ తిప్పి కొట్టి, అగరొత్తులు కాలేదాక దండం పెట్టేది. మళ్ల తాళం తిప్పితే లేసేది. నా షెడ్డుకొస్తే మాత్రం కొత్త కోడలు లెక్క బుద్ధిగ ఉండేది. పెట్రోల్ పంపు మార్చిన, వైర్లు మార్చిన, ఏం ఫాయిదా లేదు. వేరే మెకానిక్‌ను చూస్కోమని శైలజకు చెప్పింది గీ సతీశే. ఎటు పోతున్నవ్, కూసో! (నవ్వులు)

నవ్వులాట కాదు. ఆలస్యమైతే అక్క వంతు ఇంకొకరికి పోయేది, ఒళ్లంత ఉబ్బి, ఊపిరాడక ఇంటికొచ్చేది. ఆఖరికి నేనే ఎనుక సీట్ల కూసొని పోయిన. కోయిలకొండ దాటినంక ఆగింది. అక్క సంచిలకెల్లి కొబ్బరికాయ తీసింది.

"అక్కా, ఇయ్యాల కొట్టకు."

"దేవునికి అడ్డమొస్తవార తమ్మీ?"

"అడ్డం రాను, ముందుగాల నన్ను చూడనియ్యి."

బానెట్ లేపి, ఇంజన్ తిరుగుడు పసిగట్టే సెన్సార్ మీద సీసల నీళ్లు పోసిన. తాళం తిప్పంగనే లేసింది. వేడెక్కితే సెన్సార్ పనిచేస్తలేదు, సల్లారితే చేస్తాంది. పూజ అయ్యేలోపల సల్లారుతుండె, గంతే. పేరు కొబ్బరికాయకు, తిట్లు నాకు! (నవ్వులు) కొత్త సెన్సార్ వేసినంక మళ్ల ఆగలే. గా కాయతోని అక్క పచ్చడి నూరి పంపింది.

చేతులు వణుకుతున్నయి, అందుకే షెడ్డు బంద్ చేస్తున్న. బాధేం లేదని అందరికి చెప్పుకుంట వచ్చిన, గది అబద్ధం. ఇయ్యాల పొద్దుగాల షెడ్డు ముందర నిలవడ్డ. శైలజ కారు సప్పుడు దూరంకెల్లే గుర్తువట్టిన. హారన్ కొట్టి, ఆగకుండ మహబూబ్‌నగర్ దిక్కు పోయింది. అక్క టైముకు చేరుతదని నిమ్మళమయింది. అయినా ఒక్కసారి ఆగితే బాగుండు అనిపించింది.

మీ అందరి ప్రేమకు శనార్తులు. ఇగ సెలవు.