నాయన పేరు చెప్పి

బేరిగైలోని చేని గట్టు గురించి తమ్ముడితో ఉన్న తగవు తేల్చుకుందామని నరసింహప్ప హోసూరులో ఉన్న వాడి గదికి వచ్చాడు. తమ్ముడు బల్ల మీద యుద్ధాల బొమ్మల పుస్తకం తెరిచి, అందులో చూస్తూ ఆదివారం స్నేహితులతో ఆడే యుద్ధం ఆటకని చిటికెనవేలంత సైనికుల బొమ్మలకు రంగులు వేస్తున్నాడు.

“రేపు సర్వేయరు కొలిచేటప్పుడు గట్టు మీద కాలు పెట్టినావంటే నరికేస్తా. ఇంటాండావా?”

“ఇంటాండానన్నా.”

“ఎవుడ్రా ఈడు?” నరసింహప్ప ఒక బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. “బాణం ఎత్తుకొని నోరు తెరిచినాడే!”

“పాతకాలం సమురాయన్నా, జపానోడు. కొట్టేముందు తన పేరు, నాయన పేరు గెట్టిగా చెప్తాడు. ఎదుటోడూ చెప్పాల. ఆమేలే యుద్ధం.”

“అదెందుకురా?”

“ఎవుర్ని సంపుతాండాడో తెలియొద్దా?” తమ్ముడు కుంచె కింద పెట్టాడు. “రేపు గట్టు మీద నువ్వే ముందు చెప్పన్నా. ఆమేలే నేను చెప్తా.”

నరసింహప్ప నోరు తెరిచాడు. బైరప్ప కొడుకునని చెప్పాలి. ఎదుటివాడూ అదే చెబుతాడు.